డెబ్బై ఒక్కేళ్ల అవ్వకు అక్కి, ఆపైన జ్వరం రాని నిమ్ము: ఒక కేస్ స్టడీ

రోగి 71 ఏళ్ల మహిళ. రాయలసీమలో మెట్ట సేద్యం చేసుకునే కుటుంబం. భర్తకు 76. కొడుకు, కోడలు, మనవడు అదే ఇంట్లో ఉంటారు. ఆమెకు పన్నెండేళ్లుగా సుగర్ ఉంది, కొన్నేళ్లుగా బీపీ కూడా. మోకాళ్ల నొప్పులకు మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే మాత్రలు వేరే. రెండు నెలల వ్యవధిలో ఆమెకు రెండు జబ్బులు వచ్చాయి. వయసు పైబడేకొద్దీ ఒంట్లోని రోగనిరోధక వ్యవస్థ ఎక్కడ సడలుతుందో, ఎక్కడ గట్టిగానే ఉంటుందో ఆ రెండూ కలిసి చాలా స్పష్టంగా చూపించాయి. అందుకే ఈ కేసును తోటి డాక్టర్లతో పాటు ఇంట్లో పెద్దవాళ్లున్న అందరికీ అర్థమయ్యేలా రాస్తున్నాను. "వయసైపోయింది కదా, ఒంట్లో శక్తి తగ్గింది" అని ఒక్క మాటతో తేల్చేయడం మన దగ్గర చాలా మామూలు. ఆ మాట అనుకున్నాక ఇక ఎవరూ ఏమీ వెతకరు, ఏమీ చేయరు. నాకు బాధ కలిగించేది అదే.

మొదటి జబ్బు

ఎడమ రొమ్ము కింద మొదలైన మంట వీపు దాకా పాకింది. ఉండుండి పోటు పొడిచేది. మొదటి మూడు రోజులు చర్మం మీద ఏమీ లేదు. ఎడమవైపు ఛాతీ నొప్పి, పైగా సుగర్ ఉన్న మనిషి కాబట్టి గుండె నొప్పేమోనని ఇంట్లోవాళ్లు టెన్షన్ పడి దగ్గర్లోని ఆసుపత్రికి తీసుకెళ్లారు. ఈసీజీ, గుండె కండరం దెబ్బతిన్నదేమో చెప్పే ట్రోపోనిన్ రక్త పరీక్ష రెండూ నార్మల్‌గా వచ్చాయి. ఈ వయసులో ముందు గుండె సంగతి తేల్చుకోవడమే సరైన పని. గ్యాస్ మాత్రలిచ్చి ఇంటికి పంపారు. నాలుగో రోజు ఎర్రగా దద్దుర్లు లేచి, వాటి మీద నీటి పొక్కులు గుంపులు గుంపులుగా వచ్చాయి.

ఊళ్లో పెద్దవాళ్లు చూడగానే అక్కి అన్నారు. కుమ్మరిని పిలిపించి అక్కి రాయించారు. ఆయన జాజు అరగదీసి పొక్కుల చుట్టూ పూసి, సింహం బొమ్మ వేసి వెళ్లాడు. ఆరో రోజు మా దగ్గరికి వచ్చేసరికి ఆ ఎర్రమట్టి ఇంకా ఒంటి మీదే ఉంది.

"నిప్పులు పోసినట్టుండాది నాయనా, రైక తగిలినా ఓర్చుకోలేకుండా ఉండా" అంది అవ్వ.

చూస్తే పొక్కులు ఎడమవైపు ఐదు, ఆరు ఛాతీ నరాలు వెళ్లే దారి వెంటే ఉన్నాయి. వెన్నెముక దగ్గర మొదలై, రొమ్ము ఎముక దగ్గర కత్తిరించినట్టు ఆగిపోయాయి. ఒక చివర కొత్త పొక్కులు ఇంకా లేస్తున్నాయి. ఊళ్లో అక్కి అనేదాన్నే వైద్యంలో హెర్పిస్ జోస్టర్ అంటాం, అదేనని చెప్పడానికి పరీక్ష అక్కర్లేదు. "చుట్టూ తిరిగొచ్చి తలా తోకా కలిస్తే పానం పోతాదంట గదా సారూ" అని ఆమె భర్త భయంభయంగా అడిగాడు. ఈ భయం మన ఊళ్లలో చాలామందికి ఉంది. ఒక్కో నరం శరీరంలో ఒక పక్కకే పోతుంది. వైరస్ ఆ నరం వెంటే వస్తుంది కాబట్టి నడిమి గీత దాటి అవతలి పక్కకు పోవడం చాలా అరుదు. రెండు పక్కలా వచ్చినా, ఒంటి నిండా చెదురుమదురుగా లేచినా అప్పుడు మాత్రం రోగనిరోధక శక్తి బాగా దెబ్బతిన్నదని అనుమానించి వెంటనే ఆసుపత్రిలో చేర్చాలి.

ఆ రోజు రాసుకున్న వివరాలు: ఒంటి వేడి 97.0 డిగ్రీల ఫారెన్‌హీట్, బీపీ 146/84, బరువు 54 కిలోలు. మూడు నెలల సుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 9.1. క్రియాటినిన్ 1.2. ల్యాబ్ కాగితం మీద ఈ 1.2 పెద్ద సమస్యలా కనిపించదు. కానీ వయసు, బరువు కలిపి లెక్కేస్తే ఆమె కిడ్నీల వడపోత నిమిషానికి దాదాపు 37 మిల్లీలీటర్లే. ఆమె వాడే మాత్రల సంచి మొత్తం తెప్పించి చూశాను. మోకాళ్ల నొప్పులకు ఇచ్చే పొట్లాల్లో స్టిరాయిడ్ కలవడం మన పల్లెల్లో చాలాసార్లు చూస్తాం. అది రోగనిరోధక శక్తిని అణిచేస్తుంది, అదే ఉంటే కథ వేరు. వెతికినా స్టిరాయిడ్ లేదు, డైక్లోఫినాక్ అనే నొప్పి మాత్ర ఉంది. కిడ్నీల కోసం దాన్ని ఆపించాను. హెచ్‌ఐవీ పరీక్ష ఆమెను అడిగి చేయించాం, నెగెటివ్ వచ్చింది.

వైరస్ మందు పొక్కులు లేచిన 72 గంటల్లోపు మొదలుపెడితే మేలు ఎక్కువ. ఆమె వచ్చేసరికి ఆ గడువు దగ్గరపడింది. కొత్త పొక్కులు ఇంకా లేస్తున్నాయి కాబట్టి ఎలాగైనా ఇవ్వాల్సిందే. మామూలుగా వాలసైక్లోవిర్ ఒక గ్రాము రోజుకు మూడుసార్లు. ఆమె కిడ్నీల లెక్క ప్రకారం రోజుకు రెండుసార్లకు తగ్గించి ఏడు రోజులు ఇచ్చాను. ఈ తగ్గింపు మరిచిపోతే మందు ఒంట్లో పేరుకుని పెద్దవాళ్లకు మతి తప్పినట్టవుతుంది. మంటకు గాబాపెంటిన్ రాత్రిపూట 100 మిల్లీగ్రాములతో మొదలుపెట్టాను. ఇంట్లో కోడలు గర్భవతి. పొక్కుల్లోని నీటిలో ఉండేది ఆటలమ్మ వైరస్సే, అంతకుముందు ఆటలమ్మ రానివాళ్లకు అది అంటుకోవచ్చు. కోడలికి చిన్నప్పుడే వచ్చి పోయిందని తెలిసి ఊపిరి పీల్చుకున్నాం. పొక్కులు చెక్కు కట్టేదాకా పైన బట్ట కప్పి ఉంచమన్నాను.

అక్కి రాసిన కుమ్మరి గురించి ఒక మాట చెప్పాలి. జబ్బేమిటో సరిగ్గా గుర్తుపట్టింది ఊరివాళ్లే. ఆ వైద్యానికి పేరు రావడానికీ కారణం ఉంది. అక్కి పొక్కులు రెండు మూడు వారాల్లో వాటంతట అవే మానిపోతాయి. వయసులో ఉన్నవాళ్లకు పొక్కులతో పాటు నొప్పీ పోతుంది. పాతికేళ్ల మనిషికి అక్కి రాస్తే నయమైనట్టే కనిపిస్తుంది, నిజానికి నయం చేసేది అతని ఒంట్లోని కణాలు. డెబ్బై ఏళ్ల మనిషికి రాస్తే పొక్కులు మానతాయి, మంట మిగిలిపోతుంది. తేడా అంతా లోపలి కణాల్లోనే ఉంది.

లోపల జరిగిందేమిటి

"చిన్నప్పుడు మీకు అమ్మవారు పోసిందా అవ్వా?" అని అడిగితే, ఏడెనిమిదేళ్ల వయసులో ఒళ్లంతా పోసిందనీ, వేపమండలతో పడుకోబెట్టారనీ చెప్పింది. అది ఆటలమ్మ. ఆ వైరస్ అప్పుడు ఒంట్లోంచి పోలేదు. వెన్నెముక పక్కన ఉండే నరాల ముడుల్లో చేరి అరవై ఏళ్లకు పైగా నిద్రలో ఉంది. అంటే ఈ అక్కి ఆమెకు ఎవరి నుంచీ అంటలేదు, సొంత ఒంట్లోంచే లేచింది.

ఈ సంగతిని బలంగా వాదించినవాడు ఇంగ్లండ్‌లో సిరెన్‌సెస్టర్ అనే చిన్న పట్నంలో ప్రాక్టీసు చేసిన జనరల్ డాక్టర్ ఎడ్గార్ హోప్-సింప్సన్. తన దగ్గరికి వచ్చిన రోగుల వివరాలు ఏళ్ల తరబడి ఓపిగ్గా రాసిపెట్టుకుని 1965లో ప్రచురించాడు. వయసు పెరిగేకొద్దీ జోస్టర్ పెరుగుతోందని, నిద్రలో ఉన్న వైరస్‌ను రోగనిరోధక శక్తి అణచి ఉంచుతుందని, ఆ శక్తి ఒక హద్దు దిగువకు పడినప్పుడు వైరస్ లేస్తుందని చెప్పాడు. చేతిలో పెద్ద ల్యాబ్ ఏమీ లేకుండా, ఓపీ చీటీల లెక్కలతోనే ఆయన అంత దూరం వెళ్లాడు. మనలాంటి చిన్న ఊళ్ల డాక్టర్లు తలుచుకోవాల్సిన మనిషి.

ఆ తర్వాత వచ్చిన పరిశోధన ఇంకో ముఖ్యమైన విషయం తేల్చింది. పెద్దవాళ్ల రక్తంలో ఆటలమ్మ వైరస్ మీద యాంటీబాడీలు పెద్దగా తగ్గవు. పుట్టుకతోనే యాంటీబాడీలు తయారుకాని జబ్బు ఉన్నవాళ్లకు జోస్టర్ ప్రత్యేకంగా ఎక్కువ రాదు. తగ్గేవి ఆ వైరస్‌ను గుర్తుపట్టే టీ-కణాలు అనే ఒక రకం తెల్ల కణాలు. అవి తగ్గిన చోటే వైరస్ లేస్తుంది. అందుకే "శక్తి తగ్గింది" అనేది చాలా మోటు మాట. తగ్గింది ఏది, మిగిలింది ఏది అని విడదీసి చూస్తేనే వైద్యానికి దారి దొరుకుతుంది.

టీ-కణాలు ఎముక మజ్జలో పుట్టి, రొమ్ము ఎముక వెనక ఉండే థైమస్ అనే గ్రంథిలో తయారై బయటికి వస్తాయి. ఏది మన కణం, ఏది పరాయిది అనే తేడా అవి నేర్చుకునేది అక్కడే. ఆ గ్రంథి పనేమిటో 1961లో జాక్ మిల్లర్ ఎలుకల్లో చూపించేదాకా దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. శరీరంలో అన్నిటికంటే ముందు ముసలితనం వచ్చేది ఈ గ్రంథికే. పసితనం దాటిన దగ్గర్నుంచే దాని అసలు కణజాలం ఏటా కొంత కొంత తగ్గుతూ, ఆ చోట కొవ్వు చేరుతుంది. నడివయసు వరకు ఏడాదికి సుమారు 3 శాతం, తర్వాత 1 శాతం చొప్పున తగ్గుతుందని అంచనా. డెబ్బై ఏళ్ల మనిషిలో థైమస్ నుంచి వచ్చే కొత్త కణాలు చాలా కొద్ది. ఉన్న పాత కణాలే చీలి, మళ్లీ చీలి లెక్కను నిలబెడతాయి. రక్త పరీక్షలో లింఫోసైట్ల (టీ-కణాలు చేరే తెల్ల కణాల వర్గం) సంఖ్య చూస్తే నార్మల్‌గానే ఉంటుంది, కానీ అందులో రకాలు తగ్గిపోయి ఉంటాయి.

ఆ కుటుంబానికి నేను చెప్పింది వాళ్ల పొలం ఉదాహరణతోనే. వాళ్ల తాతల నాడు ఆ మెట్ట చేలో కొర్ర, సజ్జ, జొన్న, ఉలవ, కంది అన్నీ ఉండేవి. ఏ ఏడు ఏ తెగులు వచ్చినా ఏదో ఒకటి నిలబడేది. తర్వాత చేనంతా వేరుశెనక్కాయే అయింది. దూరం నుంచి చూస్తే పచ్చగానే ఉంటుంది. దానికి పడే తెగులు వచ్చిన ఏడు మాత్రం ఏమీ మిగలదు.

ఒంట్లో ఆ ఒకే పంటలా ఆక్రమించేది చాలావరకు సైటోమెగలో వైరస్ మీద పనిచేసే కణాల గుంపు. ఈ వైరస్ మన దేశంలో పెద్దల్లో దాదాపు అందరి ఒంట్లోనూ ఉంటుంది. మామూలుగా ఏ బాధా పెట్టదు, బయటికీ పోదు. దాన్ని అదుపులో ఉంచడానికి ఒక్కో మనిషిలో ఏళ్ల తరబడి టీ-కణాలు పెరుగుతూ పోయి చివరికి పెద్ద వాటా అవే అయిపోతాయి. స్వీడన్‌లో ఎనభై దాటినవాళ్లను ఏళ్ల తరబడి గమనించిన ఓక్టో, నోనా అనే అధ్యయనాల్లో, మిగతా కణాలను నడిపించే సీడీ4 రకం టీ-కణాలకంటే, వైరస్ పట్టిన కణాలను చంపే సీడీ8 రకం ఎక్కువైపోయినవాళ్లు ఆ తర్వాతి కొన్నేళ్లలో చనిపోయే అవకాశం ఎక్కువగా కనిపించింది. అలా తలకిందులైనవాళ్లలో ఈ వైరస్ జాడ కూడా బలంగా ఉంది.

థైమస్ పెద్దయ్యాక పనికిరాదని మేం చదువుకున్న రోజుల్లో చెప్పేవాళ్లు. గుండె ఆపరేషన్లలో అడ్డొస్తే తీసేయడమూ మామూలే. 2023లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన ఒక అధ్యయనం ఆ నమ్మకాన్ని కదిలించింది. పెద్దవయసులో థైమస్ తీసేసినవాళ్లలో అయిదేళ్లలోపు మరణాలు 8.1 శాతం ఉంటే, అలాంటి ఛాతీ ఆపరేషనే జరిగినా థైమస్ మిగిలినవాళ్లలో 2.8 శాతం ఉన్నాయి. కేన్సర్ కూడా 7.4, 3.7 శాతంగా తేలింది. కొవ్వు పట్టి కుంచించుకుపోయిన ఆ కొంచెం గ్రంథీ పని చేస్తూనే ఉందన్నమాట.

ఈ అవ్వ విషయంలో తప్పంతా వయసు మీదే వేయడం న్యాయం కాదు. అదుపులో లేని సుగర్ కూడా జోస్టర్ ముప్పును పెంచుతుంది, తెల్ల కణాల పనిని మందగింపజేస్తుంది. రెండిటిలో వయసును మనం మార్చలేం. అందుకే ఆ రోజే సుగర్ మందులు సరిచేశాను. ఆమె తిండి గురించి అడిగితే పళ్లు చాలావరకు లేవని పొద్దున రాగి సంగటి, రాత్రి మజ్జిగన్నంతో సరిపెడుతోందని తెలిసింది. గుడ్డు, మెత్తగా ఉడికించిన పప్పు, పెరుగు రోజూ పెట్టమని కోడలికి చెప్పాను. యాంటీబాడీ అయినా కణమైనా తయారయ్యేది మాంసకృత్తులతోనే.

రెండో జబ్బు

పొక్కులు చెక్కు కట్టి రాలిపోయాయి. మంట మాత్రం పోలేదు. గాబాపెంటిన్‌ను మెల్లగా పెంచుతూ పోయి, కిడ్నీలకు తగ్గట్టు రోజుకు రెండుసార్లు 300 మిల్లీగ్రాముల దగ్గర ఆపాను. ఆరో వారంలో కొడుకు ఫోన్ చేశాడు. రెండు రోజులుగా అమ్మ అన్నం ముట్టడం లేదు, పొంతన లేకుండా మాట్లాడుతోంది, రాత్రి లేవబోయి పడింది, "ఆ నరాల మాత్ర పడలేదేమో సార్, ఆపేయమంటారా" అని. అతని అనుమానం అర్థవంతమైనదే. గాబాపెంటిన్ పెద్దవాళ్లను మగతలో పడేస్తుంది, తూలి పడేలా చేస్తుంది. కానీ అదే డోసు మీద ఆమె రెండు వారాలుగా బాగానే ఉంది. మందు మారకుండా మనిషి మారితే వేరే కారణం వెతకాలి. వెంటనే తీసుకురమ్మన్నాను.

దగ్గు లేదు. కఫం లేదు. చలి లేదు. జ్వరం లేదని ఇంట్లోవాళ్లు అన్నారు, వాళ్ల లెక్కన అది నిజమే. థర్మామీటర్ 99.2 చూపించింది. ఇరవై ఏళ్ల కుర్రాడికి 99.2 ఉంటే నేను ఇంటికి పంపేస్తాను. కానీ ఆమె మామూలు వేడి 97.0 అని మొదటి రోజు చీటీలోనే ఉంది. అంటే రెండు డిగ్రీలకు పైగా పెరిగింది. పెద్దవాళ్లలో 100 డిగ్రీలు దాటినా, 99 మళ్లీ మళ్లీ దాటుతున్నా, వాళ్ల మామూలు వేడి మీద 2 డిగ్రీలు పెరిగినా జ్వరంగానే లెక్కేయాలని అమెరికాలోని అంటువ్యాధుల నిపుణుల సంఘం వృద్ధాశ్రమాల కోసం చేసిన మార్గదర్శకాల్లో చెప్పింది. మన ఇళ్లకూ ఆ లెక్క సరిపోతుంది.

ఊపిరి నిమిషానికి 26 సార్లు. ఆక్సిజన్ 91 శాతం. తెల్ల కణాలు 9,600, అదీ నార్మల్‌లోనే. కానీ అందులో క్రిముల మీదికి ముందుగా వెళ్లే న్యూట్రోఫిల్స్ 86 శాతం. ఒంట్లో ఇన్‌ఫెక్షన్, వాపు ఉంటే పెరిగే సీఆర్‌పీ 148. యూరియా 52. సోడియం, సుగర్ మతి తప్పించేంత తేడాగా లేవు. పడినప్పుడు దెబ్బ తగిలిందేమోనని తల స్కాన్ తీయించాం, బాగుంది. ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తి కింది భాగంలో తెల్లటి మచ్చ. న్యుమోనియా.

"జ్వరమే ల్యాదు గదా సారూ, నిమ్ము యాడ్నించి వచ్చింది?" అని ఆమె భర్త అడిగాడు.

ఇంతకంటే మంచి ప్రశ్న లేదు. జ్వరం పుట్టించేది క్రిమి కాదు, క్రిమిని చూసిన మన కణాలు. అవి వదిలే రసాయనాలు మెదడులోని హైపోథాలమస్‌కు చేరితే అది ఒంటి వేడిని పెంచమంటుంది. అప్పుడు చర్మంలోని రక్తనాళాలు ముడుచుకుని, కండరాలు వణికి వేడి పుట్టిస్తాయి. వయసు పైబడేసరికి ఈ వరుసలో ప్రతి మెట్టూ కొంత మందగిస్తుంది. తీవ్రమైన ఇన్‌ఫెక్షన్ ఉన్న వృద్ధుల్లో 20 నుంచి 30 శాతం మందికి జ్వరం రాదు, లేదా నామమాత్రంగా వస్తుంది. దగ్గు తెప్పించే నరాల చురుకు కూడా తగ్గుతుంది. అప్పుడు పైకి కనిపించేవి వేరే గుర్తులు: ఉన్నట్టుండి అన్నం మానేయడం, మాట తడబడడం, పడిపోవడం, మంచం దిగకపోవడం, పక్క తడపడం. వీటిని ముసలితనం ఖాతాలో వేసి ఒకటి రెండు రోజులు ఊరుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. ఒక్క రోజులో మారిన మనిషికి ముసలితనం కారణం కాదు. ముసలితనం ఏళ్ల మీద వస్తుంది.

ఊపిరితిత్తుల్లో జరిగేది ఇంకొంచెం చెప్పుకోవాలి. క్రిమి దిగగానే ముందు పరిగెత్తేవి న్యూట్రోఫిల్స్. పెద్దవాళ్లలో వాటి సంఖ్య తగ్గదు, నడక వేగం కూడా పెద్దగా తగ్గదు. గురి తప్పుతుంది. నేరుగా క్రిమి దగ్గరికి పోకుండా అటూ ఇటూ తిరుగుతూ, దారి పొడవునా తమ ఎంజైములు చిమ్ముతూ పోతాయి. దాంతో క్రిమి చావడం ఆలస్యమవుతుంది, మంచి కణజాలానికి దెబ్బ తగులుతుంది. బర్మింగ్‌హామ్ యూనివర్సిటీ పరిశోధకులు మనుషుల కణాల్లోనే ఇది చూపించారు.

దీనితో పాటు ఇంకో వింత ఉంది. అవసరమైనప్పుడు సరిగ్గా మండని ఈ వ్యవస్థే, అవసరం లేనప్పుడు సన్నగా మండుతూ ఉంటుంది. ఏ ఇన్‌ఫెక్షనూ లేని వృద్ధుల రక్తంలో కూడా ఐఎల్-6, సీఆర్‌పీ లాంటి వాపును సూచించే పదార్థాలు పడుచువాళ్లకంటే ఎక్కువగా ఉంటాయి. ఇటలీ శాస్త్రవేత్త క్లాడియో ఫ్రాంచెస్కీ 2000లో దీనికి ఇన్‌ఫ్లమేజింగ్ అని పేరు పెట్టాడు. చావకుండా, చీలకుండా ఉండిపోయిన ముసలి కణాలు, పొట్టలోని కొవ్వు, చీము పట్టిన చిగుళ్లు, అదుపులేని సుగర్ అన్నీ ఆ మంటను ఎగదోస్తాయి. రక్తనాళాలు గట్టిపడడం, కండ తరిగిపోవడం దీనితో ముడిపడి ఉన్నాయి. ఈ అవ్వ చిగుళ్లు చూస్తే మిగిలిన నాలుగు పళ్ల చుట్టూ చీము ఉంది. పళ్ల డాక్టరు దగ్గరికి పంపడం కూడా ఈ కేసులో వైద్యంలో భాగమే అని నా అభిప్రాయం. నోట్లోని క్రిములు నిద్రలో ఊపిరితిత్తుల్లోకి జారడం వృద్ధుల న్యుమోనియాకు ఒక ముఖ్యమైన దారి.

మతి తడబాటు, యూరియా, వయసు, మూడూ కలిపితే తీవ్రతను కొలిచే కర్బ్-65 లెక్కలో మూడు మార్కులు. ఇంట్లో ఉంచి మాత్రలిచ్చే కేసు కాదు. చేర్చుకుని ఆక్సిజన్, సెఫ్‌ట్రయాక్సోన్, అజిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్‌లు మొదలుపెట్టాం. గాబాపెంటిన్‌ను ఒక్కసారిగా ఆపకుండా తగ్గించాం. పెద్దవయసు, పైగా సుగర్ కాబట్టి టీబీని వదిలిపెట్టకూడదు. నిద్రలో ఉన్న టీబీ క్రిమిని కట్టడి చేసేదీ టీ-కణాలే కాబట్టి, అక్కి ఎలా లేచిందో టీబీ కూడా అలాగే లేవగలదు. సెలైన్ ఆవిరి పట్టించి కఫం తీయించి సీబీనాట్ పరీక్ష చేయిస్తే నెగెటివ్ వచ్చింది. మూడో రోజు మనవణ్ని పేరు పెట్టి పిలిచింది. వారం తిరక్కుండా ఇంటికి వెళ్లింది. ఎక్స్‌రేలో మచ్చ పోవడానికి ఇంకా చాలా వారాలు పట్టింది. ఈ వయసులో అది మామూలే, ఎక్స్‌రే చూసి యాంటీబయాటిక్ మళ్లీ మొదలుపెట్టకూడదు.

మిగిలిపోయిన మంట, ముందున్న టీకా

పొక్కులు మానిన మూడు నెలలకు కూడా ఎడమ పక్క మంట సగం మిగిలే ఉంది. పోస్ట్ హెర్పెటిక్ న్యూరాల్జియా. నలభై ఏళ్ల లోపువాళ్లలో ఇది అరుదు. అరవై, డెబ్బై దాటినవాళ్లలో దాదాపు ఐదుగురిలో ఒకరికి వస్తుంది. వైరస్ ఎంత సేపు అదుపు తప్పి పెరిగితే నరం అంత దెబ్బతింటుంది, ముసలి నరం కోలుకోవడం కూడా నెమ్మదే. నరాల నొప్పికి ఇచ్చే మరో మందు అమిట్రిప్టిలిన్ ఆమె వయసుకు మంచిది కాదని ఇవ్వలేదు. తక్కువ డోసు గాబాపెంటిన్, రాత్రిపూట లిడోకెయిన్ పూత, మెత్తటి నూలు రైక. వీటితో నిద్ర పడుతోంది. పూర్తిగా పోయిందని మాత్రం చెప్పలేను.

నాకు ఈ కేసులో అన్నిటికంటే ముఖ్యమనిపించేది ఈ మంట రాకుండా ఆపగలిగి ఉండటం. జోస్టర్‌కు మొదట వచ్చిన టీకా బతికున్న వైరస్‌ను బలహీనపరిచి చేసినది, 2006లో అమెరికాలో అనుమతి పొందింది. అరవై దాటినవాళ్లలో జబ్బును 51 శాతం తగ్గించింది. అయితే అరవైల్లో ఉన్నవాళ్లకు 64 శాతం ఉన్న రక్షణ, డెబ్బై దాటినవాళ్లలో 38 శాతానికి పడిపోయింది. అసలు ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్లకే తక్కువ పనిచేసింది. పెద్దవాళ్లకు టీకాలు వేసి లాభం లేదనే నిరాశకు ఇలాంటి లెక్కలే కారణం.

2017లో వచ్చిన షింగ్రిక్స్ అనే కొత్త జోస్టర్ టీకా ఆ నిరాశను తప్పని తేల్చింది. ఇందులో బతికున్న వైరస్ లేదు. వైరస్ పైపొర మీది గ్లైకోప్రోటీన్-ఇ అనే ఒక్క ప్రోటీన్, దానితో పాటు రోగనిరోధక కణాలను గట్టిగా తట్టి లేపే ఏఎస్01బీ అనే మిశ్రమం ఉంటాయి. ఆ మిశ్రమంలో ఒక భాగం చిలీ దేశపు సబ్బుచెట్టు బెరడు నుంచి తీస్తారు. రెండు పెద్ద పరీక్షల్లో యాభై దాటినవాళ్లలో 97 శాతం, డెబ్బై దాటినవాళ్లలో దాదాపు 90 శాతం రక్షణ ఇచ్చింది. డెబ్బై ఏళ్ల మనిషి ఒంట్లో టీ-కణాలు చచ్చిపోలేదు, వాటిని సరిగ్గా పిలిచేవాళ్లు కావాలి. ముసలి ఒంటి రోగనిరోధకత గురించి నాకు ఇంత ధైర్యమిచ్చిన లెక్క మరొకటి లేదు.

ఈ టీకా 2023 నుంచి మన దేశంలో దొరుకుతోంది. రెండు నుంచి ఆరు నెలల తేడాతో రెండు డోసులు. ప్రభుత్వ టీకాల కార్యక్రమంలో లేదు, ఖర్చు ఒక మెట్ట రైతు కుటుంబానికి బరువే. కొడుకు ఉన్నదున్నట్టు చెప్పాడు, ఇప్పుడు ఒక్కరికే వేయించగలనని. ఎవరికి వేయించాలి? అవ్వకు జబ్బు ఇప్పుడే వచ్చిపోయింది కాబట్టి ఆమె ఒంట్లో ఆ వైరస్ మీద కణాలు కొంతకాలం చురుగ్గానే ఉంటాయి. మళ్లీ రాదని కాదు, వస్తుంది, కానీ వెంటనే వచ్చే అవకాశం తక్కువ. తాతకు 76, చిన్నప్పుడు అమ్మవారు పోసింది, అక్కి ఎప్పుడూ రాలేదు. ఆయనకు ముందు వేయించమన్నాను. అవ్వకు న్యుమోకోకల్ టీకా, ఫ్లూ టీకా వేశాం, రెండూ కలిపి తక్కువ ఖర్చు, ఇప్పుడే న్యుమోనియా నుంచి లేచిన మనిషికి మొదట కావలసినవి అవి. ఫ్లూ టీకా పెద్దవాళ్లలో పడుచువాళ్లలో పనిచేసినంతగా పనిచేయదు. ఐనా ఆసుపత్రి పాలు కాకుండా చాలామందిని కాపాడుతుంది, ఏటా వేయించుకోవాలి. షింగ్రిక్స్ ఆమెకు వచ్చే ఏడు పంట డబ్బు చేతికి వచ్చాక.

నడక గురించి కూడా ఆ ఇంటికి గట్టిగానే చెప్పాను. బర్మింగ్‌హామ్, లండన్ పరిశోధకులు 2018లో, జీవితమంతా సైకిల్ తొక్కుతూ వచ్చిన 55 నుంచి 79 ఏళ్ల వాళ్లు 125 మందిని పరీక్షించారు. వాళ్ల థైమస్ నుంచి వచ్చే కొత్త టీ-కణాలు పడుచువాళ్లతో పోల్చదగినంతగా ఉన్నాయి. మన అవ్వలకు సైకిళ్లు అక్కర్లేదు. కానీ సేద్యం మానిపించి, కాలు కదపనీయకుండా మంచం మీద కూర్చోబెట్టి చూసుకోవడమే సేవ అనుకునే ఇళ్లు ఎక్కువయ్యాయి. పొద్దున అరగంట, సాయంత్రం అరగంట నడవనివ్వండి, కుర్చీలోంచి లేచి కూర్చునే వ్యాయామం చేయించండి.

తాతకు మొదటి డోసు వేసిన మర్నాడు కొడుకు కంగారుగా ఫోన్ చేశాడు. చెయ్యి వాచింది, ఒళ్లు నొప్పులు, 100.6 జ్వరం, "ఈయనకూ జబ్బు తగులుకుందా సార్?" అని. టీకాలోని ఆ మిశ్రమం చేసే పని అదే, చాలామందికి ఒకటి రెండు రోజులు ఇలా ఉంటుందని, ఆరుగురిలో ఒకరికి రోజువారీ పనికి అడ్డం వచ్చేంతగా కూడా ఉంటుందని చెప్పి పారాసిటమాల్ వేయమన్నాను. రెండు రోజుల్లో తగ్గింది. ఇలా జ్వరం వచ్చిందనే భయంతో రెండో డోసు మానేసేవాళ్లు ఉన్నారు. ఒక్క డోసుతో ఆపితే పూర్తి రక్షణ రాదు, పెట్టిన ఖర్చుకు తగ్గ ఫలితమూ ఉండదు. రెండో డోసు తేదీ తాత చీటీ మీద, అవ్వ చీటీ మీద, కొడుకు ఫోన్‌లో రాయించాను.

ఇప్పుడు మా ఓపీలో అరవై దాటిన ప్రతి ఒక్కరికీ ఒంట్లో బాగున్న రోజున ఒంటి వేడి, బరువు, కిడ్నీల వడపోత లెక్క, వేయించుకున్న టీకాల పేర్లు చీటీ మొదటి పేజీలో రాస్తున్నాం. ఇంట్లో పెద్దవాళ్లున్నవాళ్లు ఈ నాలుగూ ఒక కాగితం మీద రాసి, ఆసుపత్రికి వెళ్లేటప్పుడు వాళ్లు వాడే మాత్రల సంచితో పాటు వెంట తీసుకెళ్లండి.